తువ్వాల కింది బేరం

నా చేయి మెత్తగా ఉంటుందని మా నాయన పదిమందిలో మెచ్చుకున్న ఎండాకాలం అది. ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా నాయన మొగిలి పసుల దలాలి. అంగడిలో ఎద్దులు అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చేవాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా గుప్పిట పడితే ఐదు. అది వందలో వేలో సరుకును బట్టి తెలిసిపోతుంది. ఒప్పుకున్నవాడు అన్నే వేళ్లు తిరిగి నొక్కుతాడు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ ఏమీ వినపడదు. ధర పైకి అంటే దిష్టి తగులుతుందంటారు.

"వేలు పట్టెటోనికే వేలు దొరుకుతయి" అని నాయన నవ్వేవాడు.

బడిలో ఎక్కాలు నేర్వకముందే నేను ఆ లెక్క నేర్చాను. చిన్నప్పుడు నాయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తువ్వాల కప్పి, వేళ్లు నొక్కి ఎంతో చెప్పమనేవాడు. సరిగ్గా చెబితే బెల్లం ముక్క. తప్పితే చెవి మెలేసేవాడు. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది కానీ, ఆ చదువు మాత్రం చేతిలో ఉండిపోయింది.

ఎనభైల దశకం మొదట్లో మాకు వరుసగా రెండేళ్లు వానల్లేక కాలం కాలేదు. మొదటి ఏడు ఊళ్లోని పసులన్నీ అంగడికి పోయాయి. నాయనకు తీరిక లేదు. రెండో ఏడు అమ్మడానికి పసులే లేవు. నాయన గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తూ హైదరాబాదు రోడ్డు వంక చూసేవాడు. మా ఊరు రఘునాథపల్లికి ఆమడ దూరంలో ఆ రోడ్డు మీదే ఉంది.

ఆ రోడ్డు మీదనే వచ్చాయి కార్లు. రోడ్డు వెడల్పు చేస్తారట, పక్కనే మిల్లు పెడతారట అని హన్మకొండలో ఎవరో అన్నారు. అన్నది ఎవరో ఎవరికీ తెలియదు. ముందటేడు రోడ్డు పక్క మెట్ట చెలకను ఎకరం రెండు వేలకు ఇస్తానన్నా అడిగినవాడు లేడు. ఉగాది దాటేసరికి బజారు సేట్లు చెప్పులు చేతబట్టుకుని ఆ ఎర్రమట్టిలో తిరగసాగారు.

నాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. వెంట మా కట్టయ్య కాక. నాయనకు తమ్ముడు, అప్పటిదాకా ఏ పనీ నిలకడగా చేయనివాడు. పొద్దుమూకితే ఇద్దరూ అరుగు మీద కూర్చునేవారు. నాయన విద్య నేర్పేవాడు. నేను లోపల బియ్యం ఏరుతూ వినేదాన్ని.

"కట్టిగా, ఇను. ఎద్దుకైతే పండ్లు జూస్తరు. భూమికి పండ్లుండయి. అందుకే బాయి జూపియ్యాలె."

"బాయిల నీళ్లు లేకుంటేనే?"

"పొద్దుగాల తీస్కపో. రాత్రంత ఊరిన నీళ్లు మోకాలిమట్టమన్న ఉంటయి. ఎండ పొద్దు తీస్కపోతివా, కప్పలు గనవడ్తయి."

కాక కిసుక్కున నవ్వాడు.

"సేటు పెండ్లాన్ని ఎంటవెట్టుకొస్తే సగం బేరం అయినట్టే. ఆమెకు చింతచెట్టు జూపియ్యి. 'అవ్వా, ఇగ మీకు చింతపండు కొనే పనే లేదు' అను. పక్క చెలక ఎవలు కొన్నరో చెప్పు. కొనకున్నా సరే, అడిగి పోయిండ్రని చెప్పు."

"అమ్మెటోళ్లకేం జెప్పాలె?"

"అమ్మెటోళ్లకు చెప్పేది లేదు. ఇనాలె. వాళ్లకేం అక్కరున్నదో ఇనుకోవాలె. 'ఆలోచన జేసి చెప్త' అన్నరనుకో, ఆ రాత్రి ఇడిశిపెట్టకు. తెల్లారేటాలకు ఊరంత కలిసి తెలివి నేర్పుతది. ఇగ అన్నిటికన్న పెద్దది, అమ్మెటోళ్లను, కొనెటోళ్లను ఒక్క దగ్గర మాట్లాడనియ్యకు. మాట్లాడుకున్నరా, మనకు మిగిలేది బూడిద."

లోపలి నుంచి నన్ను కన్న మా అవ్వ యాకమ్మ అంది: "బర్లమ్ముకున్నప్పుడు గిన్ని మంత్రాలు లేకుండె."

"బర్రెకు నోరుండదే. అందుకే లేకుండె" అన్నాడు నాయన. ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వకపోయినా ఎవరూ గమనించలేదు. నేను మాట్లాడని పిల్లనని ఊళ్లో పేరు.

అయితే నాయనకు ఒక చిక్కు వచ్చిపడింది. రోడ్డు మొగాన ఉన్న చెలకల్లో చాలావరకు ఆడవాళ్లవి. చెరువు కింది పొలాలు కొడుకులు పంచుకున్నారు. రాళ్లు తేలి, ఉలవలు కూడా సరిగ్గా పండని రోడ్డు పక్క చెలకలు ఆడపిల్లలకు పసుపు కుంకుమ కింద ఇచ్చారు. పిల్లల్లేని విధవలకు వదిలేశారు. ఎందుకూ పనికిరానిదని ఇచ్చిన ఆ నేలకే ఇప్పుడు ధర వచ్చింది. ఇన్నేళ్లూ ఆ ఆడవాళ్ల మొహం చూడని అన్నలు, బావలు, పాలివాళ్లు ఆ వేసవిలో వాళ్ల ఇళ్లకు వరుసలు కలుపుతూ రావడం మొదలుపెట్టారు.

పరాయి మగవాడు తువ్వాల కింద ఆడదాని వేలు పట్టడు. ధర నోటితో అందామంటే అంగడి పద్ధతి కాదు. పైగా నోటితో అంటే అందరూ వింటారు, నాయనకు కావలసింది అది కాదు.

"మా సోమ పడ్తది" అన్నాడు నాయన ఒకనాడు, నలుగురు సేట్ల ముందు. "నా బిడ్డ చెయ్యి వెన్నలెక్క ఉంటది. దాన్ని పట్టుకుంటే కాదనబుద్ధి కాదు ఎవలికి."

నేను మురిసిపోయాను. నాయన నన్ను నలుగురిలో పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

మొదటి బేరం సమ్మమ్మది. మా వాడకట్టు చివర ఉంటుంది. నాయన నా చెవిలో "రెండు" అన్నాడు. నేను తువ్వాల కింద ఆమె చేతిని వెతికి రెండు వేళ్లు పట్టుకున్నాను. కూలి చేసి చేసి కాయలు గట్టిన చెయ్యి. ఆమె నా మొహం వంక చూసి, రెండు వేళ్లు తిరిగి నొక్కింది. "అయిపాయె" అన్నాడు నాయన. సేటు తలూపాడు. రిజిస్ట్రీ కాగితంలో ఎట్లాగూ ఇంకేదో అంకె రాస్తారు. పైసలు నాయన చేతుల మీదుగానే పోయాయి.

ఆ వారమే అవ్వ వడ్రంగి పని చేసే వడ్లాయన ఇంటికి పోయి మా ఇంటికి టేకు తలుపులు చెప్పి వచ్చింది. మా ఇంటికి అప్పటిదాకా తడిక ఉండేది. అవ్వ పెళ్లయి వచ్చిననాటి నుంచీ తలుపుల కోసం అడుగుతూనే ఉంది.

నెల తిరక్కముందే బోరింగు దగ్గర సమ్మమ్మ నా బిందెకు తన బిందె అడ్డం పెట్టింది.

"సేటు కారు నడిపే పిలగాడు చెప్పిండు. సేటు మీ నాయినకు మూడున్నర ఇచ్చిండట, ఎకరానికి."

నాకు అర్థం కాలేదు. అంటే, అర్థమైంది కానీ నమ్మలేదు.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "నీ చెయ్యి మెత్తగున్నది బిడ్డా" అంది. "కత్తి సుత మెత్తగనే దిగుతది."

ఖాళీ బిందెతో ఇంటికి వచ్చాను. నాయన గొంగడి మీద పడుకుని ఉన్నాడు.

"సమ్మమ్మకు రెండని చెప్పిచ్చినవు నాయినా. సేటు ఇచ్చింది మూడున్నరట."

నాయన లేవలేదు. కండ్లు కూడా తెరవలేదు.

"ఆమెకు రెండు ఇష్టమాయె, ఒప్పుకున్నది. సేటుకు మూడున్నర ఇష్టమాయె, ఒప్పుకున్నడు. ఇద్దరు ఖుషీ. నీకేం ఫికర్?"

"నా చెయ్యితోని చెప్పిచ్చినవు."

"మరి ఎవల చెయ్యితోని చెప్పియ్యాలె? తినేటప్పుడు అదే చెయ్యి గద నోట్లకు పోయేది."

అవ్వ పొయ్యి దగ్గర నుంచి నన్ను చూసింది. మాట్లాడకు అన్నట్టు చూసింది. ఆ రాత్రి బువ్వలో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు.

తరువాతి చెలక మల్లక్క పెద్దవ్వది.

మల్లక్క పెద్దవ్వ నాయనకు వరుసకు వదిన. పెద్దనాయన పోయాక ఒక్కతే ఉంటుంది. రోడ్డు మొగాన మూడెకరాలు. నేనూ ఆమె వేసవిలో మోదుగాకులు తెచ్చి విస్తళ్లు కుట్టేవాళ్లం. ఆమె పుల్ల గుచ్చుతూ ఆగకుండా మాట్లాడేది. నేను వినేదాన్ని. అందుకే ఆమెకు నేనంటే ఇష్టం.

"పాలకుర్తి దిక్కు మా తల్లిగారి ఊళ్లె చెరువు కింద ఎకరం పొలం అమ్ముతాండ్రు బిడ్డా. మా తమ్ముడు ఆపి ఉంచిండు. ఈ చెలక ఎకరానికి నాలుగు పడితే ఆ పొలం వస్తది. నాలుగుకు తక్కువైతే రాదు."

"రాకుంటే?"

"రాకుంటే ఏమున్నది, నా చెలకల సేటు కట్టే గోడకు నేనే మట్టి మోస్త. కైకిలిస్తడు గద" అని పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కండ్లు తుడుచుకుంది. "ముప్పై ఏండ్లు ఆ రాళ్లు ఏరిన. ఏరినకొద్దీ మొలుస్తయి. ఒక్కపారి బురదల కాలువెట్టి నాటు ఎయ్యాలని ఉన్నది, నా సొంత బురదల."

ఆమె చెలకను కొనదలచిన సేటు వెంకట్రాజం. హన్మకొండ చౌరస్తాలో బట్టల దుకాణం. మంచిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు. బేరం ముందురోజు పొద్దుగూకేవేళ నాయన హన్మకొండ నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కుంటూ, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"ఐదు. సేటు ఐదుకు ఒప్పుకున్నడు."

"అబ్బో!" అన్నాడు కట్టయ్య కాక.

"సోమా, రేపు వొదినెకు మూడు పట్టు."

నేను చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"నాలుగన్న పట్టరాదా నాయినా" అన్నాను. "నాలుగైతే పెద్దవ్వకు పొలం వస్తది. అప్పుడు సుత నీకు మిగుల్తది గద."

నాయన నా వంక వింతగా చూశాడు. నేను అంత పొడుగు మాట మాట్లాడటం ఆయన విని ఉండడు.

"బేరంల దయ జొరవడ్డదా, పసులకు గాలికుంటు తగిలినట్టే. ఒక్కదానికి తగిలితే మందంత పోతది. ఇయ్యాల వొదినె అంటవు, రేపు అత్త అంటవు. ఊళ్లె అందరు మనోళ్లే. ఇగ నేనెవలికి దలాలి చెయ్యాలె?" చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. "ఇంకోటి. బేరం అయ్యేదాక ఆమెకాడికి పోకు. మల్లక్క నోట్లె నువ్వుగింజ నానది. నువ్వేమన్న అంటే ఊరంత డప్పు గొడ్తది."

నేను పోలేదు. నువ్వుగింజ మాట మాత్రం పట్టుకుని రాత్రంతా పడుకున్నాను.

తెల్లారి చెలకలోనే బేరం. నాయన పద్ధతి ప్రకారం పొద్దున్నే. చింతచెట్టు నీడన జంపఖానా పరిచారు. సేటు కారు రోడ్డు మీద నిలిచింది. ఆయన భార్య సావిత్రమ్మ కూడా వచ్చింది. కట్టయ్య కాక ఆమెను చింతచెట్టు కిందికి తీసుకుపోయి, నేర్చుకున్న పాఠం ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పాడు. ఆమె చెట్టు పైకి చూసి, "పుల్లగుంటదా?" అంది. "చింతపండు తియ్యగుంటదా అవ్వా" అన్నాడు కాక. సేటు పడీ పడీ నవ్వాడు.

మల్లక్క పెద్దవ్వ ఉతికిన చీర కట్టుకుని, ఆడవాళ్లం కూర్చున్న చోటికి వచ్చి, నా పక్కన కూర్చుంది. ఆమె వచ్చేదారిలో కూడా వంగి ఒక రాయి ఏరి గట్టు అవతల వేసింది. అమ్ముతున్న చెలకలో రాయి ఏరింది. అది చూసి నాకు వచ్చిన కోపం ఎవరి మీదో చెప్పలేను. నాయన మీదా, సేటు మీదా, ఆ రాళ్ల చెలక ఆమెకు అంటగట్టిన అందరి మీదా.

నాయన పేరుకు సేటు చెయ్యి తువ్వాల కింద పట్టుకుని వదిలాడు. తువ్వాల నా ఒళ్లో వేశాడు. "కానియ్యి బిడ్డా" అన్నాడు.

తువ్వాల కింద పెద్దవ్వ చెయ్యి చల్లగా ఉంది. ముందు ఆమె చిటికెన వేలు తగిలింది. నేను దాన్నీ, దాని పక్కదాన్నీ, దాని పక్కదాన్నీ కలుపుకుంటూ పోయాను. నాయన నా మొహాన్నే చూస్తున్నాడు. నా మొహంలో ఏదీ కనపడదు. చెయ్యంతా గుప్పిట పట్టి నొక్కాను.

పెద్దవ్వ తిరిగి నొక్కలేదు. నోరు తెరిచింది.

"ఐదా?" అంది. "ఐదు వేలా బిడ్డా? ఎకరానికా?"

చింతచెట్టు కింద కట్టయ్య కాక గిరుక్కున తిరిగి చూశాడు.

"వొదినె" అన్నాడు నాయన, నవ్వు మొహం మీద అట్లాగే ఉంచుకుని. "ధర పైకి అనద్దు. అంగట్ల ఎవలన్న అంటరా?"

"అంగడేంది మరిదీ? నేనేమన్న ఎద్దునా? నా చెలక నేనమ్ముకుంటాన. ఐదే గదా సేటూ?"

వెంకట్రాజం సేటు విసుగ్గా చేతి గడియారం చూసుకున్నాడు. "ఐదే గదమ్మా. నిన్ననే ఐదని అయిపాయె. ఏం మొగిలీ, ఆమెకు చెప్పలేదా?"

నాయన తువ్వాల నా ఒళ్లోంచి తీసుకున్నాడు. దులిపి, నాలుగు మడతలు పెట్టాడు.

"చెప్పకేం సేటూ" అన్నాడు. "ఐదే. ఐదుగాక ఇంకెంత?"

సేటు బయానా తీసి పెద్దవ్వ చేతిలోనే పెట్టాడు. ఆమె దాన్ని కండ్లకద్దుకుని, లెక్కపెట్టమని నాకు ఇచ్చింది. నాయన రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు.

నాయన ముందు, నేను వెనక ఇంటికి నడిచాం. గుమ్మం ముందు నాయన ఆగాడు.

"నీ చెయ్యి తప్పిందా?" అన్నాడు.

"తప్పలే నాయినా."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తువ్వాల చిలక్కొయ్యకు తగిలించి బయటికి పోయాడు.

కొట్టినంత పని చేసింది అవ్వ. "మూరెడు తలుపు లేక ఇరవై ఏండ్లు కుక్కలను తోలిన. నీకు నీ పెద్దవ్వ గుర్తొచ్చింది గని నేను గుర్తుకు రాలేదా?" అంది. వడ్లాయన దగ్గర తలుపులు సగం చేసి ఉన్నాయి. మిగతా పైసలు కట్టలేదు. అవ్వ పాత తడికకు గోనెసంచి కుట్టింది. ఆ వానాకాలం వానలు విరగబడి కురిశాయి. రెండేళ్లు పడనివన్నీ కలిపి కురిసినట్టు. జల్లు కొట్టినప్పుడల్లా గోనె తడిసి వాసన వచ్చేది. అవ్వ ప్రతిసారీ నా వంక చూసేది.

నాయన నన్ను ఏ బేరానికీ పిలవలేదు. "మొగిలి బిడ్డ చెయ్యి నిజం చెప్తదట" అని ఊళ్లో ఎవరో అన్నారు. దాంతో అమ్మే ఆడవాళ్లు నేను లేకుండా చెయ్యి ఇచ్చేది లేదన్నారు. నాయనకు బేరాలు ఆగిపోయాయి. కట్టయ్య కాక మళ్లీ ఊరిమీద పడ్డాడు.

నేను గెలిచానని ఎవరైనా అనుకుంటారేమో. దసరా నాటికి పెద్దవ్వ చెలకలో సున్నం పూసిన రాళ్లు మొలిచాయి. వెంకట్రాజం సేటు ఎకరం లెక్కన కొన్నదాన్ని గజం లెక్కన ప్లాట్లుగా అమ్ముతున్నాడు. బస్సు దిగిన ఉద్యోగస్తులకు చింతచెట్టు చూపిస్తున్నాడు. ఎకరంలో ఎన్ని గజాలో నాకు బడిలో చెప్పారు. ఒక మధ్యాహ్నం కూర్చుని పొయ్యి బొగ్గుతో అరుగు మీద లెక్క వేశాను. వేసి, అరికాలితో తుడిచేశాను. మా నాయన తువ్వాల కింద దాచబోయింది రెండు. సేటు దాచింది పట్టుకోవడానికి ఎవరి చేతికీ అన్ని వేళ్లు లేవు. ఆయనను ఎవరూ దొంగ అనలేదు. మా బజారులో నడుస్తుంటే లేచి నిలబడ్డారు.

కొత్త వడ్లు వచ్చాక పెద్దవ్వ తమ్ముడు పాలకుర్తి దిక్కు నుంచి సైకిలు మీద చిన్న బియ్యం మూట తెచ్చాడు. "అక్క పంపింది. బురద కాళ్లతోనే ఉంటాంది, ఇంట్లకు రమ్మంటే రాదు" అని చెప్పాడు. అవ్వ మూట విప్పి, గుప్పెడు తీసి వాసన చూసింది. పొయ్యి మీద ఎసరు పెట్టింది. నాయన తినడనుకున్నాను. తిన్నాడు. రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

తిని, చెయ్యి కడుక్కుని, చిలక్కొయ్యకు ఉన్న తువ్వాల తీశాడు. ఎన్ని నెలలుగానో అక్కడే ఉన్న తువ్వాల. నా ఎదురుగా కూర్చుని తన చేతిమీద కప్పుకున్నాడు.

"సేటుకు పక్క చెలక సుత గావాలట. అది సుత ఒక ఆడామెదే. నువ్వొస్తేనే చెయ్యి ఇస్తదట." నాయన గొంతు మెల్లగా ఉంది. అవ్వ తలుపు చోట ఉన్న గోనె వంక చూసింది. "ఎంతకు పట్టాల్నో చెప్త, చెయ్యి ఇయ్యి బిడ్డా."

తువ్వాల కింద ఆయన చెయ్యి చాచి ఉంది. చిన్నప్పుడు బెల్లం కోసం నేను పట్టుకున్న చెయ్యే.

నా చేతులు రెండూ ఒళ్లోనే ఉంచుకున్నాను.

"పైకి చెప్పు నాయినా" అన్నాను, వాడకట్టుకు వినపడేట్టు. "ఎంత?"